శేషావతారం గారి శీతాకాలపు నిద్ర

ఆ ఏడు పుల్లేటిపాడుకి చలికాలం వచ్చిన సంగతి రెండింటిని చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఒకటి గోడ మీది కేలండరు, రెండోది వీరభద్రం గారి మంకీ క్యాపు. ఒంటికి మాత్రం ఎవరికీ తెలియలేదు.

వీరభద్రం గారు కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. మార్గశిరం రాగానే క్యాపు పెట్టుకోవాలి, మాఘం వెళ్ళేదాకా తియ్యకూడదు, అదీ ఆయన పద్ధతి. పైన ఫ్యాను తిరుగుతున్నా, క్యాపు కింద నుంచి చెమట మెడలోకి కారుతున్నా ఆయన పద్ధతి తప్పలేదు. పొద్దున్నే పెరటి అరుగు మీద కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, పెరట్లో ఏ జీవం కనబడితే దాన్ని పాత డైరీలో రాసుకోవడం ఆయనకి కొత్తగా పట్టిన సరదా. "ఏడూ పదికి ముంగిస, గోడ మీద. ఏడున్నరకి రామచిలకలు నాలుగు, జామచెట్టు మీద." రాతలు ఇలా ఉండేవి.

ఒకరోజు ఆయన, "మాణిక్యం, ఇలా రా. బావి పక్కన జెర్రిపోతు పోతోంది," అన్నారు.

రోట్లో పప్పు రుబ్బుతున్న మాణిక్యాంబ గారు తల కూడా ఎత్తలేదు. "పుష్యమాసంలో పాములేంటండీ? పొద్దున్న నేనే అక్కడ చేదతాడు పడేశాను."

వీరభద్రం గారు ఆలోచించారు. పుష్యమాసం మాట నిజమే. డైరీలో 'జెర్రిపోతు' కొట్టేసి 'చేదతాడు' అని రాసుకున్నారు. ఆ చేదతాడు నెమ్మదిగా పాకుకుంటూ చిట్టెలుకల వీధి వైపు వెళ్ళిపోయింది.

చదువుకున్న మనుషులే ఇలా ఉంటే, ఆ పెరట్లో జంతువుల్ని ఏమని లాభం?

ఆ పెరటికి పెద్దమనిషి పందికొక్కు భూషయ్య. ఆయన ఒళ్ళు పెద్దది, కన్నం పెద్దది, గొంతు పెద్దది. ఈ మూడూ ఉన్నవాణ్ణి పెద్దమనిషి అనకపోతే బాగుండదని అందరూ అలాగే అనేవారు. ఆయన వెనకాలే ఎప్పుడూ తొండ పేర్రాజు ఉండేవాడు. తల ఊపడం తొండకి పుట్టుకతో వచ్చిన విద్య కదా. భూషయ్య ఏమన్నా పేర్రాజు ఊపేవాడు, ఏమీ అనకపోయినా ఊపేవాడు.

చలికాలానికి ఆ పెరట్లో ఒక కట్టుబాటు ఉండేది. మాణిక్యాంబ గారు ట్రంకుపెట్టె తెరిచి రగ్గులు గోడ మీద ఎండేసిన రోజున చలికాలం మొదలు. ఆ రోజు నుంచి శివరాత్రి వెళ్ళేదాకా జెర్రిపోతు శేషావతారం నిద్రలో ఉన్నట్టే లెక్క. మిగతా కాలమంతా ఉడతలు మునగచెట్టు మీద వంతులేసుకుని కావలి కాసేవి, పాము కదిలితే చిక్‌చిక్‌మని కేకేసేవి, చిట్టెలుకలు ఆ కేక విని కన్నాల్లోకి దూరేవి. రగ్గులు బయటికొచ్చాయంటే మాత్రం కావలి ఎత్తేయడమే. తాతల నాటి కట్టుబాటు అది. తాతల నాడు చలి ఉండేది మరి.

ఆ ఏడూ రగ్గులు బయటికొచ్చాయి, కావలి ఎత్తేశారు. చలి ఒక్కటే రాలేదు. మంచు పడలేదు. బావి దగ్గర కప్పలు కార్తీకంలో ఎత్తుకున్న పాట పుష్యం వచ్చినా దించలేదు. ఒళ్ళు చల్లబడితే గాని పాముకి నిద్ర పట్టదు కనక శేషావతారానికీ పట్టలేదు. రెండు రోజులు కన్నంలో అటూ ఇటూ దొర్లాడు. మూడో రోజు ఆకలేసి బయటికొచ్చాడు. వచ్చి చూస్తే చెట్టు మీద కావలి లేదు, కన్నాల ముందు చిట్టెలుకలు కాళ్ళు చాపుకుని కబుర్లాడుకుంటున్నాయి. ఆయన్ని చూసి ఒక ఎలుక, "నిద్రలో నడుస్తున్నట్టున్నారు పాపం, అడ్డు లేవండర్రా," అంది. అది ఆ ఎలుక అన్న ఆఖరి మాట.

మర్నాడు ఇంకో ఎలుక పోయింది, ఆ మర్నాడు మరోటి. పోయినవాళ్ళ గురించి వీధిలో రకరకాలుగా చెప్పుకున్నారు గాని పాము మాట ఎవరూ ఎత్తలేదు. చలికాలం కదా.

ఉడత మంగాయమ్మ మాత్రం చూసింది. ఆవిడకి మునగచెట్టు తొర్రలో ముగ్గురు పిల్లలు. కళ్ళు తెరవలేదింకా, ఒంటి మీద నూగైనా సరిగ్గా రాలేదు. కావలి లేకపోయినా తల్లి గనక ఆవిడ కళ్ళు ఎప్పుడూ కిందే ఉండేవి. ఓ పొద్దున్న శేషావతారం చిట్టెలుక నూకరాజు తమ్ముణ్ణి మింగడం, మింగి తలెత్తి చెట్టు వైపు చూడడం, చూసి నాలుక ఆడించడం అన్నీ ఆవిడ కంట పడ్డాయి. పరుగున కొట్టు గది దగ్గరికి వచ్చింది. అక్కడ భూషయ్య పంచాయితీ నడుస్తోంది.

"భూషయ్య గారూ, శేషావతారం మేలుకునే ఉన్నాడండి. నా కళ్ళతో చూసేను," అంది.

భూషయ్య వడ్లగింజ నములుతూ, "ఏ నెల ఇది?" అన్నాడు.

"పుష్యమండి."

"పుష్యంలో పాము నిద్రపోతుందా, మేలుకునుంటుందా?"

"నిద్రపోతుందండి, చలుంటే."

"చలుంటే అన్న మాట కట్టుబాటులో ఉందా పేర్రాజూ?"

పేర్రాజు తల ఊపాడు.

"ఉందనా, లేదనా?"

"తమరేదంటే అదేనండి."

"లేదు," అన్నాడు భూషయ్య. "విన్నావా మంగాయమ్మా? అంత చదువుకున్న వీరభద్రం గారే చేదతాడని రాసుకున్నారట. నీ కంటికి పాములా కనబడిందా?"

"చేదతాడు ఎలకని మింగుద్దాండి?"

"ఎంత దూరం నుంచి చూశావు?"

"చెట్టు మీంచండి. ఓ ఇరవై మూరలుంటుంది."

"ఇరవై మూరలు. దాన్ని చూడ్డం అనరమ్మా, ఊహించుకోవడం అంటారు. దగ్గర్నుంచి చూసినవాళ్ళని తీసుకురా, వింటాను."

"దగ్గర్నుంచి చూసినవాళ్ళంతా ఆయన కడుపులో ఉన్నారండి."

"అయితే సాక్ష్యం లేదన్నమాట."

ఓ మూల నుంచి నూకరాజు బెదురుతూ లేచాడు. "మా వీధిలో పదకొండు కన్నాలుండేవండి. ఇప్పుడు ఏడింట్లోనే మనుషులున్నారు. మా తమ్ముడు కూడా పొద్దుటి నుంచీ కనబడ్డం లేదండి."

"చలికి తట్టుకోలేక పై ఊరు వెళ్ళుంటాడు," అన్నాడు భూషయ్య.

"చలి లేదు కదండీ."

"అయితే షికారుకి వెళ్ళుంటాడు. ఇంత హాయిగా ఉంటే కుర్రాళ్ళు ఇంట్లో కూర్చుంటారా?"

పేర్రాజు రెంటికీ తల ఊపాడు. పంచాయితీ అయిపోయింది. నూకరాజు గోడ పక్కన కూర్చుని ఏడ్చాడు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు గాని, ఆ పెరట్లో పిల్లితో కూడా పని లేకుండా అంతా సవ్యంగా జరిగిపోతోంది.

మధ్యాహ్నం మంగాయమ్మ తొర్రలో పరచడానికి కొబ్బరిపీచు కోసం కట్టెల కుప్పలోకి దూరింది. కుప్ప కిందే శేషావతారం కన్నం. నిజానికి అది భూషయ్య పాత ఇల్లు. కొట్టు గది పునాది కింద కొత్తిల్లు తవ్వుకున్నాక పాతది పాముకి వదిలేశాడని అందరికీ తెలుసు. రెండిళ్ళకీ మధ్య లోపల దారి ఉందని, అది ఇంకా తెరిచే ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. ఆ దారిలోంచి మాటలు వినిపించాయి.

"కాస్త నెమ్మది మీద కానివ్వండి శేషావతారం గారూ. ఉడతమ్మ గోల పెడుతోంది," అంటున్నాడు భూషయ్య.

"నేను నిద్రలో ఉన్నాను కదయ్యా. నిద్రపోయేవాణ్ణి ఎవరేమంటారు?"

"అనరనుకోండి. అననిస్తానా? కానీ మన మాట మాటే. ఎలకలు తమరికి, వాళ్ళు దాచుకున్న వడ్లు నాకు. మా ఇంటి వైపు మాత్రం తమరు..."

"రాను. ఎన్నిసార్లు చెప్పాలి? రేపు నీ పంచాయితీలో ఇంకేవైనా గోల లేస్తే సర్దు. ఎల్లుండి చెట్టెక్కుతాను. పైన ముగ్గురన్నావు కదూ?"

"ముగ్గురేనండి. కళ్ళు తెరవలేదు."

"తెరవకముందే అయితే మంచిది. పరిగెత్తరు," అన్నాడు శేషావతారం.

మంగాయమ్మ నోట్లో పీచు అలాగే ఉంచుకుని చెట్టెక్కింది, పిల్లల మీద పడుకుంది, చాలాసేపు ఏడ్చింది. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి? పిల్లల్ని నోట కరుచుకుని ఇంకో చెట్టుకి పోదామా అంటే జెర్రిపోతు ఎక్కలేని చెట్టు ఆ పెరట్లో లేదు. ముంగిసని పిలుద్దామా అంటే అది పామునీ తింటుంది, పిలవడానికి వెళ్ళిన ఉడతనీ తింటుంది. కొరివితో తల గోక్కోవడం అవుతుంది. అరిచి అందర్నీ పోగేద్దామా అంటే అరవడం అయిపోయింది, పంచాయితీ కూడా అయిపోయింది.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపంలో ఆవిడకి ఒక మాట తోచింది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గాని నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఇంతసేపూ లేచాడు, లేచాడు అని తను మొత్తుకుంది. అసలు లేపడం ఎందుకు? పడుకున్నాడనే ఒప్పుకుంటే పోలేదా?

మర్నాడు పంచాయితీకి ఆవిడే అందరికంటే ముందొచ్చింది. వచ్చి భూషయ్యకి దణ్ణం పెట్టింది.

"తప్పైపోయిందండి. పసిపిల్లల తల్లిని కదండీ, నిద్రల్లేక కళ్ళు సరిగ్గా ఆనలేదు. అది చేదతాడేనండి."

భూషయ్య ముఖం విప్పారింది. "అదీ మాటంటే. తప్పు ఒప్పుకున్నవాళ్ళంటే నాకు తగని గౌరవం. చూశావా పేర్రాజూ?"

పేర్రాజు చూశానని ఊపాడు.

"అయితే నాకో బాధ ఉండిపోయిందండి," అంది మంగాయమ్మ. "పెద్దాయన అంత నిద్రలో ఉంటే మనం చేయవలసిన మర్యాద చేయలేదు. మా అమ్మమ్మ చెప్పేది, పూర్వం చలికాలం రాగానే నిద్రపోయేవారి కన్నానికి మట్టీ ఆకులూ వేసి మూసేవారంట, ఈదురుగాలి తగలకుండా. దుప్పటి కప్పడం అనేవారంట దాన్ని. చలి తగ్గుతున్న కొద్దీ మనవాళ్ళు మానేసినట్టున్నారు. పేర్రాజు గారూ, మీ నాన్నగారు చెప్పేవారు కదండీ?"

పేర్రాజు ఊపాడు. ఊపేశాక భూషయ్య వైపు చూశాడు.

"మా తాత మట్టి మోసేడండి," అన్నాడు నూకరాజు. అది మాత్రం నిజమే. బావి దగ్గరి ముసలి కప్ప కూడా, "ఔనౌను, నాకూ కప్పేవారు," అంది.

భూషయ్య మీసాలు కదిలాయి. "మంచి మర్యాదే. కానీ ఈ ఏడు గాలెక్కడుందమ్మా? గాలి లేనప్పుడు దుప్పటెందుకు?"

"గాలి లేదంటే చలి లేదనాండి?" అని అమాయకంగా అడిగింది మంగాయమ్మ. "చలి లేదంటే మరి పెద్దాయనకి నిద్ర ఎలా..."

అక్కడ ఆపింది. ఎలకలూ తొండలూ కప్పలూ అందరూ ఒక్కసారి భూషయ్య వైపు తిరిగారు.

"ఉంది, ఉంది. చలి ఎందుకు లేదు?" అన్నాడు భూషయ్య. అని వణికినట్టు ఓసారి ఒళ్ళు విదిలించాడు. పేర్రాజు కూడా వణికాడు. ఎండ అప్పటికే పెంకుల మీద కాలు పెట్టనివ్వకుండా ఉంది.

అందరూ కలిసి కట్టెల కుప్ప దగ్గరికి బయల్దేరారు. వాళ్ళు వచ్చేసరికి శేషావతారం కన్నంలో చేరి, తల వాకిట్లో పెట్టుకుని ఫలహారం ముగిస్తున్నాడు. అలికిడి విని ఎక్కడివాడు అక్కడే ఆగిపోయాడు. పాముకి రెప్పలుండవు గనక నిద్ర నటించడం తేలిక, కదలకుండా ఉంటే చాలు. నూకరాజు దూరం నుంచే మెడ సాచి చూశాడు. శేషావతారం మూతి చివర సన్నటి తోక ఒకటి వేలాడుతోంది. ఆ తోక తన పక్క కన్నంవాడిదని నూకరాజుకి తెలుసు.

"భూషయ్య గారూ, ఆ వేలాడుతున్నదేంటండీ?" అన్నాడు.

"నాలుక. పెద్దవాళ్ళు నిద్రలో నాలుక బయట పెడతారు," అన్నాడు భూషయ్య.

శేషావతారం ఆలోచించాడు. కదిలితే ఈ పెరడంతా చూస్తుంది. రేపట్నుంచి మళ్ళీ చెట్టు మీద కావలి, కిందంతా మూసిన తలుపులు. కూచున్న చోటికే వచ్చే భోజనం పోతుంది. కదలకపోతే పోయేదేముంది? కాస్త మట్టి. సాయంత్రం భూషయ్య వచ్చి తవ్వేస్తాడు. అలా అనుకుని ఊపిరి కూడా బిగబట్టాడు.

"మట్టి తవ్వడంలో తమరికి సాటి ఎవరండీ? తమ చేత్తోనే కప్పండి," అంది మంగాయమ్మ.

తేలు కుట్టిన దొంగ పైకి అరవగలడా? భూషయ్య కాళ్ళతో మట్టి తోడి కన్నంలోకి నెట్టాడు. నెడుతూ పక్కన ఒక సందు వదిలాడు. "ఇక్కణ్ణుంచి గాలి కొడుతుందండి పాపం," అని మంగాయమ్మ ఆ సందు చూపించింది. అదీ నింపాడు. పైపైన నింపితే, "అదిమితే గట్టిగా ఉంటుందేమోనండి," అంది. అదిమాడు. చిట్టెలుకలు విరిగిన పెంకుముక్కలు ఈడ్చుకొచ్చాయి, కప్పలు తడిమట్టి తెచ్చి మెత్తాయి. పేర్రాజు ఒక్కో పెంకుముక్కకీ తల ఊపి లెక్కపెట్టాడు. నూకరాజు తెచ్చిన పెంకు అతని ఒంటికంటే పెద్దది. దాన్ని అతనొక్కడే లాక్కొచ్చాడు, సాయం పట్టబోతే ఒప్పుకోలేదు.

పనంతా అయ్యాక భూషయ్య చేతులు దులుపుకుని, "సరే, ఇక అందరూ వెళ్ళండి," అన్నాడు.

"అదెలాగండి? నిద్రపోయేవారి దగ్గర అలికిడి కాకూడదు కదా," అంది మంగాయమ్మ. "నలుగురు వంతులేసుకుని ఇక్కడ కూర్చుంటాం. ఎవరైనా పొరపాటున తవ్వబోతే నేను పైనుంచి కేకేస్తాను."

పేర్రాజు తల ఊపాడు. భూషయ్య అతన్ని కొట్టినంత పని చేశాడు. కావలి ఎత్తేసిన పెరట్లో మళ్ళీ కావలి మొదలైంది, అదీ ఆయన కళ్ళ ముందే, మర్యాద పేరు మీద. లోపలి దారి సంగతి మంగాయమ్మ మర్చిపోలేదు. ఆ దారి ఎవరింట్లోకి పోతుందో ఆవిడకి బాగా తెలుసు. అక్కడ జరిగేది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారులే అనుకుని పిల్లల దగ్గరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం లోపలి దారిలోంచి శేషావతారం గొంతు వచ్చింది. "భూషయ్యా, తవ్వుతున్నావా?"

"నలుగురు కూర్చున్నారండి. ఉడత పైనుంచి చూస్తోంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

"నాలుగు రోజులు ఉండి ఏం తినమంటావు?"

"పుష్యంలో తమరు తినరు కదండీ," అన్నాడు భూషయ్య. పంచాయితీలో అని అని ఆ మాట నోటికి అలవాటైపోయింది.

భూషయ్యకి ఆ రాత్రి కునుకు పట్టలేదు. లోపలి దారి కూడా మూసేద్దామా అని లేచాడు. మూస్తే మాట తప్పినట్టవుతుంది, రేపు పాము బయటపడితే ఊరుకోదు. మూయకపోతే ఇంట్లో పెళ్ళాం, అయిదుగురు పిల్లలు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. తెల్లారేదాకా మూస్తూ తీస్తూ గడిపాడు. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున్న అలసిపోయి ఒక్క నిమిషం కళ్ళు మూశాడు. తెరిచేసరికి వడ్లరాశి పక్కన శేషావతారం ఉన్నాడు. పెద్దపిల్ల వాసన చూస్తున్నాడు.

"ఇదేంటండీ, మా వైపు రానన్నారు," అన్నాడు భూషయ్య. గొంతు ఎప్పటంత పెద్దగా రాలేదు.

"అటు నువ్వే మూశావు కదయ్యా. నేనా, నిద్రలో ఉన్నాను. నిద్రలో ఎటు నడుస్తున్నానో నాకేం తెలుస్తుంది?" అన్నాడు శేషావతారం.

భూషయ్య దొంగే గాని తండ్రి కూడా. పెద్దపిల్లని ఎగిరి తన్ని పక్కకి తోశాడు, ఇద్దర్ని నోట కరుచుకున్నాడు, ఇల్లాలు మిగతావాళ్ళని ఈడ్చింది. అందరూ వాకిట్లో పడ్డారు. పడీ పడగానే ఆయన వెనక్కి తిరిగి నాలుగు కాళ్ళతో మట్టి తోడి వాకిలి మూసేశాడు. పునాది రాయి ఒకటి వదులుగా ఉంటే దాన్ని కూడా దొర్లించి అడ్డం పెట్టాడు. జన్మలో అంత గట్టి పని ఆయన ఎప్పుడూ చేయలేదు. చేసి, పెరడంతా వినబడేలా, "పాము లేచిందర్రోయ్," అని కేకపెట్టాడు.

అందరూ వచ్చారు. మంగాయమ్మ చెట్టు దిగి సగం దూరంలో ఆగింది.

"ఏ నెలండి ఇది?" అన్నాడు నూకరాజు.

"నెల సంగతి తర్వాత. నా కళ్ళతో చూశాను. ఇదిగో, ఇంత దూరం నుంచి," అని భూషయ్య బెత్తెడు చూపించాడు.

పేర్రాజు ఎటు ఊపాలో తెలియక మొదటిసారిగా తల నిలిపాడు.

"మేం నమ్ముతామండి," అంది మంగాయమ్మ చివరికి. "తమరు నమ్మలేదని మేమూ నమ్మకపోతే, ఆ అయిదుగురు పిల్లలకి దిక్కెవరండీ?"

భూషయ్య తల దించుకున్నాడు. పెద్దమనిషి తల దించుకోవడం ఆ పెరట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. వీరభద్రం గారు చూసే ఉంటారు గాని, డైరీలో ఏం రాసుకున్నారో తెలియదు.

శేషావతారానికి ఇటూ అటూ మూతలు పడ్డాయి. లోపల ఉన్నవల్లా వడ్లు. ఎలకలు ఏడాదంతా కూడబెట్టినవి, భూషయ్య దోచినవి, గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. పాము వడ్లు తినదు. వాటి మీదే చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. కొన్నాళ్ళు బుసలు వినిపించాయి. తర్వాత అవి కూడా తగ్గాయి. బయట భూషయ్యకి ఆ వడ్లు తనవే, ఆ తలుపు తనదే, తెరవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. కూలిన గోడ కింద చిన్న కన్నం తవ్వుకుని, ఎలకలు దయతలచి ఇచ్చిన గింజలతో పిల్లల్ని సాకాడు. పగటిపూట మునగచెట్టు మొదట్లో కావలి వంతు ఆయనదే. గొంతు పెద్దది కదా, ఆ పనికి బాగానే పనికొచ్చింది.

వారం తిరక్కుండా మంగాయమ్మ పిల్లలు కళ్ళు తెరిచారు. ముందు మధ్యవాడు తెరిచాడు, తర్వాత మిగతా ఇద్దరూ. తల్లి ముఖం చూసి చిక్‌మన్నారు. ఆవిడ ముగ్గుర్నీ నాకుతూ, ఇంతకీ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

శివరాత్రి దగ్గర పడుతుంటే పేర్రాజు చెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు.

"మంగాయమ్మ గారూ, కట్టుబాటు ప్రకారం చలికాలం అయిపోగానే దుప్పటి తీసెయ్యాలి కదండీ. ఎప్పుడు తీద్దామంటారు?"

"ఈ ఏడు చలికాలం ఇంకా రాలేదు కదా పేర్రాజు గారూ," అంది మంగాయమ్మ. "రానివ్వండి. వచ్చి, వెళ్ళాక చూద్దాం."

పేర్రాజు తల ఊపాడు. ఈసారి ఆలోచించే ఊపాడు.

దొంగనిద్ర పోయేవాడికి ఊరే దుప్పటి కప్పుతుంది.